వేసవికి నిలుచు పెరటి పొదలు

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మన గ్రామములకు పూలమొక్కల ఆటోలు వచ్చును. పూవుతోనున్న మొక్కలను చూచి ఇంటివారు ముచ్చటపడి నాలుగైదు కొని పెరటిలో నాటుదురు. వర్షాకాలమంతయు అవి కళకళలాడును. మాఘమాసము దాటినది మొదలు ఆకు వాడుటకు ఆరంభించును. రోహిణి కార్తె వచ్చునప్పటికి పాదిలో ఎండుపుల్ల మాత్రమే మిగులును. మరల మృగశిర వచ్చును, మరల ఆటో వచ్చును, మరల నాలుగు మొక్కలు కొందురు.

అనంతపురం జిల్లాలో నేను పనిచేయు మండలమున ఒక రైతు ఇంటికి మే నెలలో వెళ్ళితిని. పెరటిలో ఎనిమిది పాదులుండగా ఆరింటిలో మొక్కలు ఎండిపోయినవి. కారణమడుగగా ఆ ఇంటి ఇల్లాలు, “బోరు ఎండిపోయినాది సార్. నాలుగు దినాలకొకసారి ట్యాంకరు వస్తాది. ఆ నీళ్ళు పిల్లోళ్ళకు పోసేదా, ఈ చెట్లకు పోసేదా?” అని తిరిగి నన్నే ప్రశ్నించినది. ఆ పెరటి మూలలోనే, ఎవరును ఒక చెంబు నీరైనను పోయని గోరింట పొద పచ్చగా నున్నది. దానిని ఆమె అత్తగారు ఎన్నడో నాటినదట.

ఆ రెండింటి భేదమే ఈ వ్యాసమునకు విషయము. పెరటి పొదను కొనునాటి పూవును చూచి ఎన్నుకొనరాదు. రెండు వేసవులు దాటిన పిదప మన చేతి నీరు లేకయే నిలుచునా అని విచారించి ఎన్నుకొనవలెను. రాయలసీమలోను, దక్షిణ తెలంగాణలోను ఇల్లు గల ప్రతివారికిని ఇది ముఖ్యము. అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగము నాలుగైదు నెలలలోనే పడిపోవును. మిగిలిన నెలలలో మొక్క నేలలోని తేమతోను, తన వేరు బలముతోను బ్రతుకవలసినదే.

ముందు చోటును చూడుడు

మొక్క కొనుటకు పూర్వము పెరటిలో అయిదు సంగతులు గమనింపుడు.

1. ఎండ: పడమటి గోడ ప్రక్క చోటు సాయంకాలమువరకు కాగుచుండును. తూర్పు వైపున మధ్యాహ్నము తరువాత నీడ వచ్చును. ఒకే మొక్క ఒకచోట ఎండి, మరియొకచోట బ్రతుకుటకు ఇదియే కారణము.

2. నేల: అడుగున్నర లోతు గొయ్యి త్రవ్వి నిండుగ నీరు పోయుడు. మరునాటి ఉదయమునకు కూడ నీరు నిలిచియున్నచో అది నీరు దిగని నేల. అందు మొక్కను చిన్న కట్టమీద నాటవలెను. గొయ్యిలో తెల్లని సున్నపురాళ్ళు కనబడినచో ఆ నేలకు సరిపడని మొక్కలు కొన్ని గలవు. వాటిని గూర్చి ముందు చెప్పెదను.

3. నీరు: ఇంటిలో స్నానపు నీరు ఏ వైపునకు పోవుచున్నదో చూడుడు. ఆ దారి వెంట రెండు మూడు మొక్కలకు ప్రత్యేకముగ నీరు మోయనక్కరలేదు. అయితే బట్టలుతికిన సబ్బునీరు రోజూ ఒకే పాదికి పోయరాదు. అందులోని సోడియము వలన నేల గట్టిపడి చౌడు గుణము వచ్చును.

4. పశువులు: మేకలు లోనికి వచ్చు పెరడైనచో అవి మేయని జాతులనే వెలుపలి వరుసలో పెట్టవలెను.

5. పిల్లలు: ఏది కనబడినను నోట పెట్టుకొను వయస్సు పిల్లలున్న ఇంటిలో విషపు కాయలు, విషపు పాలు గల పొదలకు చోటీయరాదు.

నీరు తక్కువైనను కొన్ని ఏల బ్రతుకును?

ఎండను తట్టుకొను పొదలకు కొన్ని గుణములు గలవు. తంగేడు వేరు లోతునకు దిగి, పైనేల ఎండినను క్రింది తేమను అందుకొనును. గోరింట ఆకు చిన్నది, దానినుండి పోవు నీరు తక్కువ. వావిలి ఆకు అడుగున సన్నని నూగు ఉండి ఆవిరిని అరికట్టును. కాగితపు పూల పొద ఎండ ముదిరినపుడు కొంత ఆకు రాల్చి తన భారమును తగ్గించుకొనును. ఇట్టి గుణములు గల మొక్కయైనను, వేరు దిగువరకు అనగా మొదటి సంవత్సరము, పసిబిడ్డ వంటిదే. ఈ సంగతి తెలియక “ఇది ఎండకు ఆగు మొక్క గదా” అని మొదటి వేసవిలోనే నీరు మానివేయుటవలన పెక్కు మొక్కలు చచ్చుచున్నవి.

వెలుపలి వరుసకు తగినవి

తంగేడు: పసుపుపచ్చని పూలతో బతుకమ్మకు శోభ తెచ్చు ఈ పొద తెలంగాణకు రాష్ట్ర పుష్పము. రాళ్ళ నేలలోను, గరపనేలలోను పెరుగును. పశువులు దీనిని అంతగా ముట్టవు. కొమ్మలు కోసి పచ్చిరొట్టగ వాడవచ్చును. అడవినుండి పెరికి తెచ్చిన తంగేడు మొక్క బ్రతుకుట అరుదు, ఏలయన తల్లివేరు తెగిపోవును. విత్తనమును గరుకురాతిమీద తేలికగ రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, ఉండవలసిన చోటనే రెండు మూడు గింజలు వేసి, మొలచిన పిదప బలమైన మొక్కను ఒకదానిని ఉంచవలెను. మొక్కకు మొక్కకు నాలుగడుగుల ఎడము చాలును.

గోరింట: రాజస్థాన్‌లో పాలీ జిల్లాలోని సోజత్ ప్రాంతమున దీనిని పొలములలో వర్షాధారముగ పండించుచున్నారు. అంతటి పొడి ప్రాంతమున పంటగ నిలిచిన మొక్క మన పెరటిలో నిలుచుటలో వింత లేదు. పెన్సిలు మందము గల కొమ్మ ముక్కలను వానాకాలమున నాటినచో వేరూనును. కంచెకైనచో అడుగు ఎడమున, విడిగానైనచో అయిదడుగుల ఎడమున నాటవలెను. ఎంత కత్తిరించినను మరల చిగుర్చును. ఆషాఢములో ఆడపిల్లల చేతులు పండించుటకు వీధిలోని పొట్లము కొననక్కరలేదు. కత్తిరింపక విడిచిన కొమ్మలకు వచ్చు చిన్న పూలు మంచి సువాసన గలవి.

వావిలి: గట్ల వెంట, వాగుల వెంట మీరెరిగినదే. మేకలు దీని జోలికి పోవు. కొమ్మ నాటిన చాలును. బాలింతలకు నీళ్ళు కాచుటకును, గింజల గాదెలలో వేయుటకును పెద్దలు దీని ఆకు వాడుచు వచ్చిరి. సంవత్సరమునకొకసారి నడుమెత్తున నరికినచో గుబురుగ వచ్చును.

అడ్డసరము: ఇదియు మేకలు మేయని పొదయే. కొమ్మలతో తేలికగ పెరుగును. కొంత నీడనైనను ఓర్చుకొనును. కావున చెట్లక్రింద ఖాళీగ నుండు చోట్లకు తగినది.

ఇంటి ముందునకు తగినవి

కాగితపు పూలు: దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ పొదకు బోగన్‌విల్లా అను పేరు ఫ్రెంచి నావికుడైన బోగన్‌విల్లి వలన వచ్చినది. అతని ఓడలో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు కామర్సన్ 1760ల దశకమున దీనిని బ్రెజిల్‌లో కనుగొనెను. మనము పూవనుకొను రంగురేకులు నిజమునకు ఆకులే. అసలు పూవు లోపల సన్నగ తెల్లగ ఉండును. ఈ మొక్కకు ఎరువు, నీరు హెచ్చైనచో ఆకు పెరిగి పూత తగ్గును. నీరు కొంచెము తక్కువైనపుడే బాగుగ పూయును. ముండ్లుండును గనుక నడకదారికి ఆరడుగుల దూరమున నాటుడు.

నందివర్ధనము: ఏడాదిలో అధిక భాగము పూయును. ఒంటి రేకుదియు, ముద్దదియు గలవు. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ గల చోటు దీనికి మేలు. కొమ్మతో పెరుగును. వేసవిలో పదునైదు రోజులకొక బిందె నీరున్నచో పెద్ద పొద నిలుచును. పూజకు పూలు కొను ఖర్చు తప్పును.

పారిజాతము: రాత్రి పూచి తెల్లవారుసరికి నేలమీద రాలును. ఇది ఎదిగి చిన్న చెట్టంత యగును గనుక గోడకు ఎనిమిది అడుగుల దూరమున నాటవలెను. వేసవిలో ఆకు రాల్చినను చచ్చినదని పెరికివేయకుడు, వానకు మరల చిగుర్చును.

స్నానపు నీటి దారికి తగినవి

కరివేప, మల్లె, మందార అను మూడును ఇంటింటికి కావలసినవే. కాని ఇవి పై పొదలవలె నీరు లేక నిలువవు. కావున వీటిని పెరటిలో ఎక్కడపడిన అక్కడ నాటక, స్నానపు నీరు పారు దారిలోనే నాటుడు.

కరివేప గింజ పండునుండి తీసిన కొలది రోజులకే మొలకెత్తు శక్తి కోల్పోవును. తాజా పండ్ల గింజలను వెంటనే వేయవలెను, లేదా తల్లిచెట్టు వేళ్ళనుండి వచ్చిన పిలకను వేరుతో తీసి నాటవలెను. ఆకులు దూసుకొనక కొమ్మ చివరలు త్రుంచుచుండినచో గుబురుగ వచ్చును. మల్లెకు జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెట్టినచో వేసవిలో పూత దండిగ నుండును. మందారకు పడమటి ఎండ తగులనీయరాదు. దానికి పిండినల్లి తరచు పట్టును. ఒక ఇంటికి ఒకటి రెండు మొక్కలకు మించి వలదు.

ఎన్నుకొనరానివి

నూరువరహాలు చూచుటకు సొగసైనదే, అయితే దానికి కొంచెము పులుపు గుణము గల నేల కావలెను. సున్నపురాళ్ళ నేలలో ఇనుప ధాతువు అందక లేతాకులు పసుపుపచ్చనై ఈనెలు మాత్రము ఆకుపచ్చగ మిగులును. మీ గొయ్యిలో తెల్లరాళ్ళు కనబడినచో దీనిని విడుచుట మేలు.

రంగురంగుల చిన్న పూలగుత్తుల లాంటానాను అలంకారమునకై పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మన దేశమునకు తెచ్చిరి. పక్షులు గింజలు చల్లగా నేడది అడవులను, బీళ్ళను ఆక్రమించినది. పశువులు మేసినచో కాలేయము చెడి, ఎండకు చర్మము పగులును. నర్సరీలో పొట్టి రకములు అమ్మినను కొనకుడు. పచ్చని కాయలగుత్తులు వ్రేలాడు దురంతా కంచె మొక్క కాయలు కూడ పిల్లలకు విషమే.

అన్నిటికన్న ముఖ్యమైనది గన్నేరు. ఎండకు ఓర్చుటలోను, మేకలు ముట్టకుండుటలోను దీనికి సాటి లేదు. అందువలననే రహదారుల నడుమ దీనిని వరుసలుగ నాటుచున్నారు. అచ్చట అది తగినదే. పెరటిలో మాత్రము తగదు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, పచ్చ గన్నేరు అన్నియు గుండెను దెబ్బతీయు విషము గలవి. ఆకు, బెరడు, పూవు, వేరు, గింజ అన్నింటను విషము గలదు. పచ్చిదానిని విడిచిపెట్టు పశువే, మేతలో కలిసిన ఎండుటాకును గుర్తింపక తినును. ఎండినను ఆ ఆకులో విషము పోదు. కత్తిరించిన గన్నేరు కొమ్మలను దొడ్డిలో పడవేయుటవలన కలుగు ప్రమాదమిది. పూజకు గన్నేరు కావలెనన్నచో పశువులకు, పిల్లలకు అందని చోట ఒక్క మొక్క ఉంచుకొని, కొమ్మలు కోసినప్పుడు గొయ్యి తీసి పూడ్చుడు. బిడ్డ ఎవరైనను దాని ఆకును గాని గింజను గాని నోట పెట్టుకొన్నచో నాటువైద్యముతో కాలము గడపక, తిన్న ఆకునో కాయనో వెంట తీసికొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను. పశువునకైనచో పశువైద్యుని పిలువవలెను.

నాటు పద్ధతి

మే నెలలోనే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గోతులు తీసి ఎండనీయుడు. పైమట్టిని ఒక ప్రక్కన, అడుగుమట్టిని ఒక ప్రక్కన పోయుడు. పైమట్టిలో బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక గంపెడు, చెదలున్న చోట పిడికెడు వేపపిండి కలిపి గొయ్యి నింపుడు. చివకని పేడ వేసినచో చెదలు చేరును. తంగేడునకు, కాగితపు పూలకు ఎరువు సగము చాలును.

ఆరుద్ర కార్తెనాటికి రెండు మంచి వానలు పడియున్నచో నాటవచ్చును. నర్సరీ సంచిలో పూవులెన్నియున్నవని చూడక, సంచి అడుగున వేళ్ళు చుట్టుకొని యున్నవేమో చూడుడు. చుట్టుకొన్న వేళ్ళు గల పెద్దమొక్కకన్న అడుగెత్తు లేతమొక్కయే మేలు. సంచిలోని మట్టి జిగటగ నున్నచో దానిని వేళ్ళు తెగకుండ అంచులవెంట కొంచెము వదులు చేయవలెను. లేనిచో వేరు ఆ ముద్దలోనే తిరుగును గాని మన నేలలోనికి దిగదు.

రెండు వేసవుల నీటి లెక్క

నాటిన మొదటి వేసవిలో వెలుపలి పొదలకు అయిదారు రోజులకొకసారి పది లీటర్లు చొప్పున పోయుడు. రోజూ చెంబెడు పోయుట తప్పు. చెంబెడు నీరు పైనేలను తడిపి ఆవిరియగును, వేరు కూడ పైననే తిరుగును. ఎడముగ, నిండుగ పోసినచో వేరు నీటి వెంట క్రిందికి దిగును. రెండవ వేసవిలో పదునైదు రోజులకొకసారి చాలును. మూడవ సంవత్సరమునుండి తంగేడు, గోరింట, వావిలి వానపైననే నిలుచును.

నీటిని మరింత పొదుపు చేయుటకు పాత మట్టికుండను మెడవరకు పాదిలో పాతిపెట్టి, నీరు నింపి, మూకుడు మూయుడు. మట్టి రంధ్రముల గుండ నీరు కొంచెము కొంచెముగ ఊరి వేరుకు చేరును. రంగు వేసిన కుండ పనికిరాదు. పాదిలో వేరుశనగ పొట్టు గాని, ఎండుటాకు గాని రెండు మూడంగుళముల మందమున పరచినచో తేమ నిలుచును. కాండమునకు మాత్రము తగులనీయకుడు, చెదలు పట్టును.

వాననీటిని మరువకుడు. పది చదరపు మీటర్ల రేకుల కప్పుమీద ఒక సెంటీమీటరు వాన పడినచో అది 100 లీటర్ల నీరు. చూరు నీరు వీధిలోనికి పోకుండ చిన్న కాలువతో పాదులకు మళ్ళించినచో నేల లోతువరకు తడియును.

ఉదాహరణకు వెలుపల గోరింట మూడు, తంగేడు రెండు, ముందు కాగితపు పూలు ఒకటి, నందివర్ధనము ఒకటి, స్నానపు నీటి దారిలో కరివేప, మల్లె, మందార ఒక్కొక్కటి, మొత్తము పది మొక్కలనుకొందము. మొదటి వేసవిలో ఏడు మొక్కలకు వారమునకొకటిన్నర తడుల చొప్పున సుమారు 105 లీటర్లు, మిగిలిన మూడింటికి వారమునకు రెండు తడుల చొప్పున 60 లీటర్లు కావలెను. అనగా రోజునకు 24 లీటర్లు లోపు. ఇద్దరి స్నానపు నీరే ఇందులకు చాలును. త్రాగునీటినుండి ఒక చెంబైనను తీయనక్కరలేదు.

కత్తిరింపు, చీడలు

కత్తిరింపులు వానకు ముందు గాని, వానలు వెనుకబడిన పిదప గాని చేయుడు. రోహిణి ఎండలో కొమ్మలు కోయరాదు. మందారపై పిండినల్లి కనబడినచో ఆ చివరలను త్రుంచి కాల్చి, మిగిలిన కొమ్మలపై లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగ సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. వారము తరువాత మరల చల్లవలెను. కరివేప లేతాకులపై పక్షిరెట్టవలె కనబడు పురుగు సీతాకోకచిలుకదే. ఒకటి రెండున్నచో చేతితో తీసివేయుట చాలును, మందు కొట్టవలదు. ఆ ఆకును మనము తినుచున్నాము గదా! నందివర్ధనముపై వ్రేలంత లావున, ఆకుపచ్చగ, తలవద్ద నీలి కన్నులవంటి మచ్చలతో కనబడు పురుగును కూడ ఏరివేసిన చాలును.

గ్రామాధికారులకు మనవి

పాఠశాల, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయము, పశువుల నీటితొట్టి ఉన్న చోట్ల ఏ మొక్క నాటవలెనో నిర్ణయించునది మీరే. ఉచితముగ వచ్చినవని గన్నేరు, దురంతా పాఠశాల ఆవరణలో నాటింపకుడు. గోరింట కంచె, తంగేడు, నందివర్ధనము అంతకన్న తక్కువ ఖర్చుతో వచ్చును. గ్రామములోని ముదురు గోరింట, వావిలి, అడ్డసరముల కొమ్మలను ఆషాఢములో ఇంటింటికి పంచినచో నర్సరీకి పైకమీయనక్కరలేదు. ఎన్ని మొక్కలు నాటితిమను లెక్కతోపాటు, మరుసటి సంవత్సరము రోహిణి కార్తె వెళ్ళిన పిదప ఎన్ని నిలిచినవను లెక్క కూడ వ్రాసియుంచుడు. రెండవ లెక్కయే అసలైన లెక్క.

పిల్లలకా, చెట్లకా అని ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్న న్యాయమైనది. పెరటి మొక్క కొరకు ఎవరును తమ బిందె నీటిని పంచుకొనవలసిన అవసరము రాకూడదు. ఆ అవసరము రాకుండ చేయుట మొక్క నాటిన పిదప కాదు, మొక్కను ఎన్నుకొనునాడే జరుగవలెను. ఈ మృగశిరకు ఆటో మీ వాకిట ఆగినపుడు పూవులను లెక్కపెట్టుటకు ముందు, “నీవు రెండవ వేసవికి ఉందువా?” అని ఆ మొక్కను మనసులోనే అడుగుడు. జవాబు తెలియనిచో మీ ఊరి పెద్దల పెరళ్ళలో, నీరు పోయకయే పచ్చగ నిలిచిన పొద ఏదో చూచి, దానినుండి ఒక కొమ్మ అడిగి తెచ్చుకొనుడు.